ఎవరి పేరున కార్డు

మాజీ సైనికుల ఆసుపత్రిలో కార్డులు రాసే గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "భర్త పేరు చెప్పండమ్మా."

"నా కార్డుకి ఆయన పేరెందుకు నాయనా? నేనూ సైన్యంలో చేశాను. పారాచూట్లు మడిచే షెడ్డులో, పద్నాలుగేళ్ళు," అంది అత్తగారు.

పక్కనే నిలబడ్డ కోడలు అత్తగారి కొంగు లాగింది. చంకలో ఆర్నెల్ల పిల్ల ముక్కుతోంది, పాల వేళయింది. మామగారు సైన్యంలో లారీ నడిపిన మనిషి, కిందటేడు పోయాడు. ఆయన భార్యగా రాయించుకుంటే డాక్టరు ఇవాళే మోకాళ్ళు చూస్తాడు. ఆ ముక్క ఇంటి దగ్గర వందసార్లు చెప్పింది.

గుమాస్తా పెద్ద పుస్తకం తిరగేశాడు. "షెడ్డులో ఆడవాళ్ళందర్నీ రోజు కూలీల కింద రాశారు. సైనికుల జాబితాలో మీ పేరు లేదు. భర్త పేరునైతే ఐదు నిమిషాల పని."

"ఒప్పేసుకోండి అత్తయ్యా. మోకాళ్ళకి పేరుతో పనేంటి?"

"ఇవి అరిగింది మీ మామయ్య లారీలోనా?" అంది అత్తగారు. "మేం మడిచినవాటిలోంచి ఆఫీసరు తనకి తోచింది ఒకటి తీసేవాడు. అది కట్టుకుని మేమే దూకాలి. మడత తప్పితే ముందు పోయేది మా ప్రాణమేనని. చంటిబిడ్డని మా అమ్మకి అప్పగించి దూకాను. ఆ చంటోడే నీ మొగుడు."

కోడలి చేయి తెలియకుండానే పిల్ల వీపు మీద బిగిసింది. పెళ్ళయి మూడేళ్ళయినా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కోడలు ఎనిమిదో తరగతితో చదువు ఆగిన మనిషి. ఆఫీసుల్లో నోరు తెరవాలంటే అరచేతులకి చెమటలు పడతాయి. అయినా కిటికీ దగ్గరకి జరిగింది.

"విమానంలోంచి దూకినవాళ్ళ పేర్లు ఎక్కడో రాస్తారు కదండీ?"

"ఆ రిజిస్టరు వేరే, లోపలి గదిలో ఉంది. అందులో కూలీలుండరు."

"ఈవిడ దూకారుగా! పేరు రాసుకోకుండా తోసెయ్యరు కదా బాబూ, ఒక్కసారి చూడండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా మొహం చిట్లించి లోపలికి వెళ్ళాడు. పిల్ల ఏడుపు అందుకుంది, పాలు తాగింది, నిద్రపోయింది. అప్పుడొచ్చాడు, దుమ్ము పట్టిన పుస్తకంలో వేలు పెట్టుకుని.

"ఉన్నారు. నలభై ఒక్కసార్లు దూకారు." ఈసారి తలెత్తి చూశాడు. "కానీ మీ పేరున కార్డుకి పై ఆఫీసు సంతకం కావాలమ్మా. మూడు వారాలు పడుతుంది. అందాకా డాక్టరు చూడడు. పోనీ, భర్త పేరున..."

"సొంత పేరునే రాయండి," అనేసింది కోడలు. అని, బెంగగా అత్తగారి వైపు తిరిగింది. "ఓర్చుకోగలరా?"

"ఇరవై ఏళ్ళు ఓర్చుకోలేదూ?"

గుమ్మం బయట నాలుగు మెట్లు.

"మెల్లిగా అత్తయ్యా, నన్ను పట్టుకోండి."

"ఆకాశంలోంచి దిగినదాన్ని, దీనికి నీ సాయమా?" అంటూనే రెండో మెట్టు దగ్గర కోడలి భుజం గట్టిగా పట్టుకుంది.