ఆఖరి అంకె

టీ మీద దుమ్ము దిగుతోంది.

తెల్లగా, మెత్తగా, జల్లెడ పట్టిన పిండిలా. పక్కకి ఊది తాగుతాం. ఊదడానికి ఊపిరి ఉన్నన్నాళ్లూ...

మా షెడ్డులో సమాధి రాళ్లు తయారవుతాయి. ఓడలెక్కి ఎవరి దేశానికో వెళ్తాయి. నేను నునుపు పడతాను. మా ఆయన అక్షరాలు చెక్కుతాడు. ఆ భాష ఆయనకి రాదు. కాగితం మీది పేరుని బొమ్మలా చూసి దించుతాడు. చదవగలిగేది కింద ఉన్న వయసొక్కటే.

ఎనభై తొమ్మిది. తొంభై రెండు. ఎనభై ఆరు.

"ఏం తింటారే వీళ్లు?" అంటాడు, దగ్గు మధ్యలో.

ఆయన తాత ఉలీ సుత్తీతో చెక్కేవాడట. రాయి పెచ్చులుగా రాలేది. అరవై ఆరేళ్లు బతికాడు. మామగారి కాలానికి మిషన్ వచ్చింది. రాయి పొడిగా లేచింది. నలభై నాలుగుకే పోయారు. లోకమంతా ఆయుష్షు పెరుగుతోందని రేడియోలో చెబుతారు. మా ఇంటి దారి దానికి తెలియలేదు.

మా ఆయనకిప్పుడు నలభై నాలుగు. నాన్నని దాటాలి. నలభై ఐదు చూడాలి. ఆయనకున్న కోరికల్లా అదే.

ఇంకా పదకొండు రోజులు —

మూడేళ్ల కిందట ఒక కాగితం వచ్చింది. తొంభై ఏడు. అచ్చుతప్పు అనుకున్నాడు. మనిషన్నవాడు అంతకాలం ఎక్కడ బతుకుతాడు? చచ్చినవాడి మీద అబద్ధం ఎందుకని తనే దిద్ది, అరవై ఏడు చెక్కాడు. తాత కన్నా ఒకటి ఎక్కువ. ఆయన నమ్మగలిగింది అంతవరకే.

రాయి తిరిగొచ్చింది. మేస్త్రీ వారం రోజులు నవ్వాడు.

"ముప్పై ఏళ్లు మింగేశావు కదరా. యముడికి తమ్ముడివా ఏంటి?"

ఆ రాయి ఇప్పుడు మా పెరట్లో ఉంది. దాని మీదే బట్టలు ఉతుకుతాను. ఆయన చొక్కాల్లోంచి కారే తెల్లనీళ్లు ఆ అంకెల్లో నిలుస్తాయి.

పని మానెయ్యమన్నాడు డాక్టరు. మానేసి ఏం తినాలో మాత్రం చీటీలో రాయలేదు.

ఈరోజు ఇంకో కాగితం వచ్చింది.

నూట ఒకటి.

అచ్చుతప్పు అనలేదు. ఒకటి చెక్కాడు. సున్నా చెక్కాడు. తర్వాత దగ్గు... ఆగని దగ్గు... రాయిని పట్టుకుని కిందికి జారిపోయాడు. పెదాలు నీలం. తెల్లటి రాయి మీద ఎర్రటి చుక్కలు. నాకు భయమేసింది. పదకొండు రోజులేగా, పదకొండే కదా అని ఆయన వీపు రాస్తూ ఉన్నాను.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. ముందు రాయి తుడిచాడు.

"సాయంత్రం లారీ ఎక్కాలమ్మా ఇది. ఆ ఒక్కటీ నువ్వు చెక్కెయ్. నిలువు గీతేగా, చదువక్కర్లేదు."

ఆయన కళ్లెత్తి నన్ను చూశాడు.

"నిటారుగా పట్టుకో," అన్నాడు. "ఊపిరి బిగబట్టు."

మిషన్ అందుకున్నాను. బిగబట్టాను. ఎంతసేపని...

పక్కన ఆయన గ్లాసు.

టీ మీద దుమ్ము దిగుతోంది. ఎవరూ ఊదడం లేదు.