కమలాక్షమ్మ ఇచ్చిన సీసా

ఎడమ చేయి చొక్కాలోకి దూరలేదు. కమలాక్షమ్మ దాని చంక దగ్గర కుట్లు విప్పి మొగుడికి చొక్కా తొడిగింది. జనార్దనం కలరా టీకాలు వేసే సర్కారు నౌకరు. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఏ ఊళ్లో వాంతిభేదులు మొదలైనా సంచి తగిలించుకుని బస్సెక్కాలి. ఇప్పుడు చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టాయి. ముఖం ఉబ్బింది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

కొత్తలో శిరివెళ్ల దగ్గర ఒక ఊళ్లో జనం సూదికి జడిస్తే, వయసు పొగరుతో ముందు తన చేతికే పొడుచుకున్నాడు. అదే ఆచారమై కూర్చుంది. టీకాలాయన ముందు పొడుచుకోకపోతే ఏ ఊళ్లోనూ ఒక్కరూ చెయ్యి చాపరు. ఏళ్ల తరబడి ఆ మందు ఒంట్లోకి పోతూనే ఉంది, జ్వరం వస్తూనే ఉంది.

"రోగం లేని ఒంటిని మాటిమాటికీ పోరుకు దించితే ఎన్నాళ్లు తట్టుకుంటుందయ్యా? దీనివల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఇంకొక్కటి కూడా వేసుకోవద్దు" అన్నాడు డాక్టరు. బదిలీ అడిగితే పైవాళ్లు నవ్వారు. ఆ ఊళ్లలో ఇతని మాట తప్ప ఇంకెవరి మాటా చెల్లదట.

కమలాక్షమ్మ కాచి చల్లార్చిన నీళ్లు ఖాళీ మందుసీసాలో నింపి సంచిలో పెట్టింది.

"ఇయ్యాల ఇది పొడుచుకోండి. ఎవురికి తెలుస్తాది?"

"సరేలే" అన్నాడు. నిజంగానే అన్నాడు. చావాలని ఎవరికుంటుంది?

ఆ రోజు టీకాలు వేయాల్సిన ఊళ్లో జనం అప్పటికే చేరారు. "మొదలు నువ్వు కానీప్పా" అన్నాడు పెద్దరైతు రామలింగయ్య. జనార్దనం చెయ్యి సంచిలో నీళ్లసీసాను పట్టుకుంది. అంతలో తులసమ్మ అనే ముసలామె మనవరాలిని ముందుకు తోసింది. ఆ పిల్ల తండ్రి మొన్ననే భేదులతో పోయాడు.

"నువ్వు పొడుచుకున్న సీసాలోదే నా బిడ్డకూ పొడువు నాయనా. వ్యారేది వద్దు."

పిల్ల అప్పటికే రవిక చేయి పైకి మడుచుకుని నిలబడింది. జనార్దనానికి ఏడుపొచ్చింది. ఆ నీళ్లు తాను పొడుచుకుంటే పిల్లకూ నీళ్లే పొడవాలి. నీళ్లసీసా వదిలేసి మందుసీసా తీశాడు. తన చేతికి పొడుచుకుని, సూది దీపం మీద కాల్చి, పిల్లకు పొడిచాడు.

"నొప్పి ల్యాదు కదమ్మా?"

"ల్యాదు. నీకు?"

"నాకేముందిలే."

తర్వాత ఊరంతా చేతులు చాపింది.

సాయంత్రం నంద్యాల బస్టాండులో అందరూ దిగారు. కిటికీకి తల ఆనించి కూర్చున్న జనార్దనం దిగలేదు. కండక్టరు తట్టి చూసేసరికి ఒళ్లు చల్లబడి ఉంది.

శవంతో పాటు సంచీ ఇంటికి వచ్చింది. కమలాక్షమ్మ దాన్ని తెరిచింది. అడుగున ఆమె ఇచ్చిన సీసా ఉంది, మెడ దాకా పోసిన నీళ్లు చుక్క తగ్గకుండా.