పన్నెండు శుభలేఖల అట్ట

నేను ఒక రాత అట్టని. పదో తరగతి పిల్లలు పరీక్షకు వెళ్తూ చంకలో పెట్టుకుంటారే, నెత్తిన ఇనుప క్లిప్పు ఉండేది, అదే. పుట్టింది విజయవాడలో ఒక ఇరుకు సందులో. పాత కాగితాల గుజ్జును పలకలా ఒత్తి, పైన గోధుమరంగు కాగితం అంటించి, క్లిప్పు బిగించి, కట్టలు కట్టి బజారుకు తోలారు. ఆ క్లిప్పే నా నోరు. చవకరకం నోరు లెండి. ఎంత పడితే అంత మింగలేదు.

నన్ను కొన్నాయన పేరు ఏసుపాదం. ప్రకాశం జిల్లాలో రోడ్డు పక్కనున్న ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో లైన్ ఇన్‌స్పెక్టరు. వాళ్లమ్మాయి సునీత నా వీపు మీద పదో తరగతి పరీక్షలన్నీ రాసింది. లెక్కల రోజున చెమట చేత్తో పట్టుకుందేమో, ఆ వేలి మరక ఇంకా నా అంచున ఉంది. ఫలితాలు వచ్చాక నావంక చూసినవాళ్లు లేరు. మనుషులంతే, ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఏసుపాదమే బీరువా మీద నుంచి దింపి, దుమ్ము దులిపి, సబ్‌స్టేషన్‌కు తీసుకెళ్లి రేడియో పక్కన మేకుకు తగిలించాడు.

ఆ ఆఫీసుకు కాగితాలకు కొదవ లేదు. పైనుంచి సర్క్యులర్లు, కంపెనీల కరపత్రాలు, ఎక్కడెక్కడో జరిగిన ప్రమాదాల పేపరు కటింగులు. ఇవి చాలవన్నట్టు ఫోన్లో గ్రూపు, అందులో పొద్దున్న లేస్తే శుభోదయాలూ, హెచ్చరికలూ కలగాపులగం. ఏసుపాదం టీ తాగుతూ అన్నీ చదివేవాడు. చదివి, పదింట తొమ్మిది పక్కన పడేసేవాడు. మిగిలిన ఒక్కదాన్నీ కత్తిరించి, పాత పెళ్లి శుభలేఖ వెనక అంటించి, కింద ఎర్రపెన్నుతో నాలుగు ముక్కలు రాసేవాడు: ఊళ్లకు కరెంటు మోసే మన నాలుగు ఫీడరు లైన్లలో ఇది ఎక్కడ పనికొస్తుంది, ముందేం చెయ్యాలి, ఎవరికి ఫోన్ కొట్టాలి. శుభలేఖలే ఎందుకంటే, ఇంటికి కరెంటిచ్చినవాడిని పెళ్లికి పిలవని ఊరు లేదు, ఆ అట్ట ముక్కలు చినగవు.

అలాంటివి పన్నెండు మాత్రమే నా నోట పెట్టాడు. కొత్తది పెట్టాలంటే ఒక పాతది తీసెయ్యాల్సిందే.

"ఇంకో నాలుగు పట్టవా, పెద్దయ్యా?" అని అడిగింది మస్తాన్‌బీ. కొత్తగా వచ్చిన షిఫ్టు ఆపరేటరు, ఐటీఐ చదివిన పిల్ల.

"పడతయ్యమ్మా. చదివేవోడి బుర్రలోనే పట్టవు. బైబిలంతా ఇంట్లో ఉంటది, ఆపదొస్తే నోటికొచ్చేవి రెండు కీర్తనలే" అన్నాడాయన.

కాలాన్ని బట్టి వరస మార్చేవాడు. వానల్లో స్తంభాన్ని లాగిపట్టే స్టే వైరు కార్డు పైకి, ఎండల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు కార్డు పైకి. మాఘమాసం రాగానే పంచాంగంలో ముహూర్తాల పట్టీ కత్తిరించి అంటించిన కార్డు అన్నిటికన్నా పైకొచ్చేది. కరెంటాఫీసులో ముహూర్తాలేమిటని నేనూ మొదట నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది. మూడో ఫీడరు కొసన ఒక ఫంక్షన్ హాలుంది. పెళ్లినాడు డెకరేషన్ వాళ్లు అద్దె జనరేటరు తెచ్చి ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తారు. కరెంటు పోగానే అది మొదలవుతుంది. ఆ కరెంటు హాల్లో దీపాలకే పోదు, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి ఎక్కి, చచ్చిందనుకున్న తీగను బతికిస్తుంది. పక్క మండలంలో ఒక లైన్‌మన్ అలాగే పోయాడు. ఆ వార్త కటింగు కూడా ఆ కార్డు మీదే ఉంది.

మా లైన్‌మన్ చిన్నపరెడ్డికి మాత్రం నేనంటే చిన్నచూపు. "ఇరవై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్నా, నాకు పెళ్లికార్డులు చదివి చెప్తారా" అనేవాడు. చెడ్డవాడు కాదు. చేతిలో పని ఉండగా కళ్లకు పని చెప్పడం ఆయనకు గిట్టదు, అంతే.

మొన్న డిసెంబరులో ఏసుపాదం రిటైరయ్యాడు. దండలు వేశారు, శాలువా కప్పారు. ఆయన వెళ్తూ వెళ్తూ నన్ను మేకు నుంచి తీసి మస్తాన్‌బీ చేతిలో పెట్టాడు. "నెలకోసారి వరస మార్చు తల్లీ, మర్చిపోమాక" అన్నాడు.

ఆ పిల్ల ఇంకా నన్ను సరిగా చేతపట్టకముందే పైఅధికారుల తనిఖీ వచ్చిపడింది. కొత్త ఏఈ సుధీంద్ర మంచివాడే, కుర్రతనం, మాట పడకూడదన్న ఆరాటం. నన్ను తిరగేసి కంగారుపడ్డాడు.

"ఆఫీసు రికార్డులో పెళ్లికార్డులేంటమ్మా? నంబరు లేదు, తేదీ లేదు. మనకొచ్చిన సర్క్యులర్లు ఎన్ని?"

"నూట ముప్పై దాకా ఉంటయ్ సార్. కానీ ఇవి పెద్దయ్య ఏరి పెట్టినవి..."

"ఏరడానికి మనమెవరం? అన్నీ తేదీ వరసన పెట్టండి. ఏదీ మిస్ కాకూడదు."

ఉద్యోగం ఇంకా ఖాయం కాని పిల్ల, ఏమంటుంది. అన్నీ పెట్టింది. కార్డులు పారెయ్యడానికి మనసొప్పక అట్టడుగున దోపింది. నూట ముప్పై కాగితాలు నా నోట్లో కుక్కేసరికి స్ప్రింగు టక్కుమని లేచిపోయింది. నాడాతో కట్టారు. తనిఖీకి వచ్చిన పెద్దాయన నన్ను చేత్తో ఎత్తి బరువు చూసి, "గుడ్, అప్‌డేటెడ్" అని దించాడు. విప్పి చూడలేదు. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

పది రోజులు తిరగకుండానే మాఘమాసం వచ్చింది. ఒక పొద్దున గాలికి మూడో ఫీడరు మీద వేపకొమ్మ విరిగిపడి తీగ తెగింది. చిన్నపరెడ్డి వచ్చి లైన్ క్లియర్ అడిగాడు, అంటే ఆ లైనులో కరెంటు ఆపామని రాసిచ్చే కాగితం. మస్తాన్‌బీ బ్రేకరు తీసింది, ఇక్కడి కొసన తీగను నేలకు కలిపే ఎర్తు వేసింది, సంతకం పెట్టి కాగితమిచ్చింది. పుస్తకం ప్రకారం ఒక్క తప్పు లేదు. రెడ్డి బండెక్కి వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన కాసేపటికి ఆ పిల్ల నావంక చూసింది. మూడో ఫీడరు అనగానే ఏదో ఉండాలి, ఏమిటది? నన్ను దించి తిరగెయ్యసాగింది. మీటర్ల సర్క్యులరు, యూనిఫాం సర్క్యులరు, స్వచ్ఛత పక్షోత్సవాల సర్క్యులరు. అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. నోరుంటే అరిచేవాణ్ణి, అడుగున చూడు తల్లీ అని. ఉన్న ఒక్క నోరూ విరిగిపోయింది. గోడ గడియారం నిమిషాలు మింగుతోంది. చివరికి విసుగొచ్చి నాడా లాగేసింది. కాగితాలన్నీ నేల మీద పరుచుకున్నాయి. వాటి కింద నుంచి వినాయకుడి బొమ్మ ఉన్న శుభలేఖ ఒకటి బయటపడింది.

తిప్పి చూసింది. ఏసుపాదం వెళ్లేముందే అంటించిన ఈ ఏటి ముహూర్తాల పట్టీలో ఆ రోజు తేదీ ఉంది, ఉదయం పది నలభై. కింద ఎర్రపెన్నుతో: "తీగ తెగితే మన ఎర్తు అవతలి ముక్కకు అందదు. తెగినచోట రెండు పక్కలా ఎర్తు రాడ్డు వెయ్యకుండా ముట్టుకోవద్దు. హాలు మేనేజరు ఫోనెత్తడు. వంటమేస్త్రి కోటమ్మకు చెయ్యి." పక్కనే నంబరు.

ఆ పిల్ల ముందు రెడ్డికి చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. స్తంభం ఎక్కేటప్పుడు ఆయన ఫోను బండి సంచిలో పడేస్తాడు. ఆపరేటరు సబ్‌స్టేషన్ వదిలి వెళ్లకూడదు. కార్డు మీది నంబరు నొక్కింది.

"ఎవురమ్మా, ఇక్కడ పప్పు మాడతంది" అంది కోటమ్మ.

"అక్కా, కరెంటాఫీసు నుంచి. నీ కాళ్లు పట్టుకుంటా, జనరేటరు ఆపించు. లైను మీద మనిషున్నాడు."

కోటమ్మ ఇంకో మాట అడగలేదు. గరిటె చేత్తోనే పరిగెత్తిందట, జనరేటరు కుర్రాణ్ణి పక్కకు నెట్టి తనే ఆపేసిందట. మంటపంలో మైకు మూగబోయిందని పెళ్లివారు తిట్టారట. అప్పటికి చిన్నపరెడ్డి చెయ్యి అవతలి తీగకు జానెడు దూరంలో ఉంది. రాడ్డు బండి మీదే ఉంది. లైన్ క్లియర్ తీసుకున్నాక రాడ్డెందుకు అనుకున్నాడు. ఉన్నట్టుండి హాలు మైకు ఆగడం విని, లైను ఆపినా ఇందాకటిదాకా అదెలా మోగిందని అటు తిరిగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి రెడ్డి వచ్చాడు. కుండలో నీళ్లు రెండు గ్లాసులు తాగి, నేల మీదే కూర్చున్నాడు, కాగితాల మధ్య.

"ఏం రాసుందో చదువమ్మాయ్" అన్నాడు.

ఆమె చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. ఆ పక్క మండలం లైన్‌మన్ వార్త దగ్గర తల దించుకున్నాడు. "నాకూ ఇద్దరు పిల్లలమ్మాయ్" అన్నాడు, అంతే.

సాయంత్రం ఏఈ వచ్చాడు. విషయమంతా విన్నాడు. తనే నేల మీద కూర్చుని సర్క్యులర్లన్నీ ఏరి బాక్సు ఫైల్లో పెట్టి బీరువాలో తాళం వేశాడు. "తప్పు నాదేనమ్మా. ఆ పన్నెండూ బయటుంచండి" అన్నాడు. నాకు చావు తప్పి కన్ను లొట్టపోయింది. విరిగిన క్లిప్పు మీదుగా చిన్నపరెడ్డి తన బండి ట్యూబు ముక్క కోసి తొడిగాడు. వెనకటి నోరంత బిగువు లేదు గానీ, పన్నెండింటికి సరిపోతుంది.

మర్నాడు మస్తాన్‌బీ తనే ఒక కార్డు రాసింది. ముహూర్తాల పట్టీ, పెద్దయ్య ఎర్రపెన్ను ముక్కలు అందులోకి ఎక్కించి, కోటమ్మ నంబరు పెద్ద అక్షరాల్లో పెట్టింది. జరిగింది జరిగినట్టు, రాడ్డు బండి మీద ఉండిపోయిన సంగతితో సహా రాసింది. రెడ్డిని అడిగే రాసింది. "రాయి. నా పేరు కూడా రాయి" అన్నాడాయన.

వారం తర్వాత ఏసుపాదం చూసిపోదామని వచ్చాడు. నన్ను దించి వేలితో ఎంచాడు. పదమూడు ఉన్నాయి.

"ఒకటి ఎక్కువుంది తల్లీ."

"మీవి తియ్యబుద్ధి కాలేదు పెద్దయ్యా."

ఆయన ఆ కొత్త కార్డు నిలబడే చదివాడు. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత వినాయకుడి బొమ్మ ఉన్న తన పాత కార్డు నెమ్మదిగా లాగి, మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ట్యూబు సరిచేశాడు. మళ్లీ ఎంచాడు, పన్నెండు. మస్తాన్‌బీ రాసినదాన్ని అన్నిటికన్నా పైకి తెచ్చి, నన్ను మేకుకు తగిలించాడు.