మూట విప్పని వీధి

ధర్మవరం నేతగాళ్ళ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. వర్తకుడు ఎవరి చీరకైనా ధర తెగ్గోసి తిప్పి పంపాడా, ఇక వీధిలో ఎవరూ అతని ముందు మూట విప్పరు. తర్వాత బేరం కుదిరినా, అతను తిప్పి పంపినవాళ్ళ మూటే మొదట విప్పాలి. అది బడి దగ్గర పనికొస్తుందని మాత్రం కుళ్ళాయమ్మ కలలో కూడా అనుకోలేదు.

ఆమె కూతురు పుష్పావతి ఐదో తరగతి పాసయి, ఏడాదిగా ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. పంపితే ఆడపిల్లల బడికే పంపుతానని మొగుడు వెంకటరాముడు భీష్మించుకున్నాడు. ఊళ్ళో అలాంటిది ఒక్కటే, హిందూపురం నుంచి వచ్చిన చీరల వర్తకుడు లక్ష్మీనరసయ్య పెట్టింది. దాని ఫీజు వింటేనే గుండె గుభేలుమనేది. పంతొమ్మిది వందల అరవై రెండులో నేతగాళ్ళ సంఘం పుణ్యమా అని ఆడపిల్లలున్న ఇళ్ళకు చదువు చీటీలొచ్చాయి. చీటీ ఏ బడిలో ఇచ్చినా ఆ మేరకు ఫీజు సంఘమే కడుతుంది. లక్ష్మీనరసయ్య బడి ఫీజుకు అది సరిగ్గా సరిపోయింది. కుళ్ళాయమ్మ ఆనందం పట్టలేక వీధంతా బెల్లం పంచింది.

బడి తెరిచిన రోజు తల్లులంతా చీటీలు కొంగున ముడేసుకుని పిల్లలతో వరుసలో నిలబడ్డారు. అందరికన్నా ముందు కుళ్ళాయమ్మ. లక్ష్మీనరసయ్య ఆమె చీటీ చూశాడు.

"ఇది సగానికే చాలుతాది. ఈ యేడు ఫీజు రెండింతలు చేసినాం," అన్నాడు నిమ్మళంగా.

ఓరి వీడి దుంపతెగ! చీటీలొస్తున్నాయని తెలియగానే పెంచేశాడన్నమాట. సంఘం సొమ్మంతా ఆయన పెట్టెలోకి, మిగతా సగం కట్టలేకపోతే పిల్ల మళ్ళీ కండెల దగ్గరికి! కుళ్ళాయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం శెట్టీ, మా చీటీ చూసి నీ ఫీజుకు రెక్కలొచ్చినాయా?"

చీటీ లాక్కుని మళ్ళీ కొంగున ముడేసింది. వెనకున్న అనసూయమ్మ అది చూసి తన చీటీ కూడా ముడేసుకుంది. ఆ వెనక అక్కమ్మ. వరుసంతా అంతే.

"ఇది బడి తల్లీ, చీరలంగడి కాదు!"

"అంగడోళ్ళే నయం, ధర పెంచితే ముందే చెప్తారు. పెనుకొండలో ఆడపిల్లల బడి ఉండాది, హాస్టలుండాది. ఆడికే పోతాం. చీటీ యాడైనా చెల్లుతాది."

అంది గానీ, చూపు మాత్రం బడి గుమ్మం మీదే ఉంది. పిల్లను హాస్టల్లో వదలడానికి వెంకటరాముడు చచ్చినా ఒప్పుకోడు. లక్ష్మీనరసయ్య అది పసిగట్టి, ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"నీ బిడ్డను చీటీకే చేర్చుకుంటా. మాట బయటికి రానీయొద్దు."

పుష్పావతి తల్లి మొహంలోకే చూస్తోంది. ఊ అంటే చాలు, పిల్ల లోపలికి వెళ్ళిపోతుంది. కుళ్ళాయమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని వరుస వైపు తిరిగింది. అందరికీ వినబడేలా అరిచింది.

"నా ఒక్కదానికేనా? ఈళ్ళ బిడ్డలేం పాపం చేసినారు? పదండమ్మా, రైలుకు టైమైతాండాది!"

ఆడవాళ్ళంతా కదిలారు. స్టేషను మెట్లెక్కుతుండగా వెనక కేక వినిపించింది. లక్ష్మీనరసయ్య పంచె ఎగ్గట్టి రొప్పుతూ వస్తున్నాడు.

"పాత ఫీజే తల్లీ! అందరికీ! ఎనక్కి రాండి!"

ఇక చూడాలి ఆ ఆడవాళ్ళ సంబరం! ప్లాట్‌ఫారం మీది కూలీలు కూడా ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

బడికి తిరిగొచ్చాక లక్ష్మీనరసయ్య రిజిస్టరు తెరిచి, దగ్గరగా ఉన్న అనసూయమ్మ వైపు చెయ్యి చాచాడు. ఆమె చీటీ ఇవ్వలేదు. అక్కమ్మా ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి నేతగాళ్ళ వీధిలో చీరలు కొన్నవాడాయన, విషయం అర్థమయింది.

"నీదే ముందు కుళ్ళాయమ్మా, ఇయ్యి," అన్నాడు.

కుళ్ళాయమ్మ కొంగుముడి విప్పింది. రిజిస్టరులో మొదటి పేరు పుష్పావతిదే.