దిగువదారి మజిలీలు

గ్రషీకి మజిలీల పిచ్చి. ఊరంతా ఆ మాటే అనేది, ఆమె కూడా కాదనేది కాదు. సరిహద్దు కొండల అంచున గరాజీ పట్నంలో యాత్రికుల ఆఫీసు బల్ల వెనక కూర్చుని, సాంతియాగో పుణ్యక్షేత్రానికి వారాల తరబడి కాలినడకన వెళ్ళేవాళ్ళకి మొదటి రాత్రుళ్ళు ఎక్కడ పడుకోవాలో చెప్పడం ఆమె పని. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ఉబలాటం. పొద్దున్నే బయల్దేరి, కొండెక్కి, కనుమ దాటి, సాయంత్రానికల్లా అవతలి వైపు ఒర్రియాగా మఠంలో వాలిపోవాలి. గ్రషీ వాళ్ళ మాట పూర్తిగా వినేది. విన్నాక అరచెయ్యి నేలవైపు తిప్పి గాలిని రెండుసార్లు కిందికి అదిమేది. మెల్లగా అని అర్థం. ఏ దేశంవాళ్ళకైనా ఆ సైగ తెలిసేది. నడవలేనివాడంటూ ఎవడూ లేడనీ, మజిలీ తప్పు చోట పెట్టుకున్నవాడే దారిలో కూలబడతాడనీ ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే రిటైరైంది, దాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంది.

ఆమె మొగుడు గనిష్ గొర్రెలు కాసి, జున్ను చేసి బతికినవాడు. వాళ్ళ ఇల్లు పట్నానికి ఎగువన, కొండవాలులో, సరిగ్గా యాత్రికుల దారిమీదే ఉంది. గుమ్మంలో నిలబడితే నడిచేవాళ్ళ బూట్ల చప్పుడు వినిపిస్తుంది. వసంతకాలంలో బయోన్ పట్నం డాక్టరు గనిష్ గుండె పరీక్ష చేసి, క్రిస్మస్ దాకా వస్తే మీ అదృష్టమని మొహంమీదే చెప్పాడు. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చున్నాక గనిష్ టోపీ తీసి బల్లమీద పెట్టి, తను ఒక మొక్కు బాకీ ఉన్నానని చెప్పాడు.

పెళ్ళయిన కొత్తలో సంగతి. పుట్టిన బిడ్డ దక్కలేదు. గ్రషీకి జ్వరం ముదిరింది. ఫాదర్ వచ్చి నుదుట, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి రాసే ఆఖరి నూనె కూడా రాసి వెళ్ళాడు. ఆ చలిలో గనిష్ గొర్రెల దొడ్డిలోకి పోయి మోకాళ్ళమీద కూర్చుని, ఇది బతికితే మా గుమ్మం నుంచి సాంతియాగో దాకా నడిచి వస్తానని మొక్కుకున్నాడు. విన్నవి గొర్రెలొక్కటే. గ్రషీ బతికింది. ఆ తర్వాత ఏడాది గొర్రెల ఈతలు అడ్డమొచ్చాయి, మరుసటేడు గడ్డికోతలు, ఆపై జున్ను. వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూనే తల నెరిసిపోయింది.

"నువ్వేమో ఆ బల్ల దగ్గర కూచుని లోకంలో వాళ్ళందర్నీ సాగనంపి ఇంటికొచ్చేదానివి," అన్నాడు. "ఇవాళ ఫలానావాణ్ణి పంపించానని నువ్వు చెప్తుంటే, నేను తలొంచుకుని సూపు తాగేవాణ్ణి. సిగ్గేసేది, గ్రషీ."

ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళేమో. గ్రషీకి ఒళ్ళు మండింది. నా ప్రాణానికి మొక్కుకుని ఇన్నేళ్ళూ నాకే చెప్పకుండా దాస్తావా అని దులిపేసింది. తను ఊపిరి పీల్చిన ప్రతిరోజూ ఆ మొక్కు మీదే పీల్చిందన్న సంగతి అప్పటికింకా ఆమెకి పూర్తిగా తలకెక్కలేదు. ఎక్కాక మాత్రం వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడి, చాలాసేపు గోడ చూస్తూ ఉండిపోయింది.

ఆ కొండల్లో ఒక నమ్మకం ఉంది. నడక మొక్కు తీర్చకుండా పోయినవాడు ఎక్కడికీ పోడు. తనవాళ్ళెవరైనా తన బదులు నడిచేదాకా ఇంటిచుట్టే తిరుగుతుంటాడు. వయసులో ఉన్నప్పుడు గనిష్ ఈ మాట చెప్పే ముసలమ్మల్ని ఆటపట్టించేవాడు. ఇప్పుడు ఆ ఊసెత్తితే నవ్వడం లేదు. ఫాదర్ వచ్చి, దేవుడు నీ మొక్కు ఎప్పుడో మాఫీ చేశాడని ధైర్యం చెప్పబోతే, "నేను మీకు మొక్కలేదు కదా ఫాదర్" అనేసి మొహం తిప్పుకున్నాడు.

సరే, గ్రషీ తనకి తెలిసిన పనే మొదలుపెట్టింది. బల్లమీద ఉప్పుజాడీ పెట్టి అది కనుమ అంది. రొట్టెకోసే కత్తి దారి, దాని పిడి తమ గుమ్మం. మజిలీలకి తెల్ల చిక్కుడు గింజలు. మొదటి గింజ కొండ సగంలో ఉన్న ఒరిసన్ సత్రం దగ్గర పెట్టింది, రెండోది జాడీ అవతల ఒర్రియాగాలో, ఆ తర్వాతవి అవతలి లోయ పొడుగునా పాంప్లోనా దాకా. సాంతియాగో ఇంకా బల్ల అంచు దాటి, పెరడు దాటి, ఎక్కడో ఉంది. మొదటి రోజులు గట్టెక్కితే మిగతా దారి కాళ్ళే నేర్చుకుంటాయని ఆమె ఎప్పుడూ అందరికీ చెప్పేదే.

గనిష్ ఒకరోజు ఒరిసన్ వైపు నడిచి చూశాడు. మొదటి మలుపులోనే గట్టుమీద కూర్చుండిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. గ్రషీ ఇంటికొచ్చి గింజని కిందికి జరిపింది, దిగువనున్న హొంతో పల్లెకి. వారం తిరిగేసరికి ఆ గింజ ఇంకా కిందికి వచ్చింది. ఆమె తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. ఒకరి గడ్డికొట్టం, ఇంకొకరి గొర్రెల గుడిసె, ఎక్కడ ఒక మంచం పడుతుందంటే అక్కడొక గింజ. వేసవి గడిచేకొద్దీ గింజలన్నీ కత్తి పిడి దగ్గర గుంపుగా చేరిపోయాయి.

రోజూ నడిచినంత నడిచి, కారులో ఇంటికొచ్చి పడుకుని, మర్నాడు ఆగినచోట మొదలుపెడదామని కూడా అడిగి చూసింది. గనిష్ ససేమిరా అన్నాడు.

"సొంత మంచంమీద పడుకునేవాడు యాత్రికుడెలా అవుతాడే? గడ్డికోతకి పోయొచ్చినవాడవుతాడు. నువ్వే చెప్పు, అధికారిణి గారూ, అలాంటివాడికి మీ ఆఫీసులో యాత్రికుల కాగితంమీద ముద్ర వేసేవాళ్ళా?"

వేసేవాళ్ళు కాదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అందుకే ఎక్కడో ఒకచోట, ఎంత దగ్గరైనా సరే, పరాయి కప్పు కింద పడుకోవాలి.

చివరికి మొదటి మజిలీ బత్తిత ఇల్లు అని ఖాయమైంది. బత్తిత ఎగువన ఉండే పొరుగువాడు, గనిష్ ఈడువాడే. చిన్నప్పుడు ఇద్దరూ కలిసే గొర్రెలు కాశారు. పొరుగంటే మామూలు పొరుగు కాదు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ తొలి పొరుగు అని ఒక ఇల్లుంటుంది, తాతల నాటి నుంచి. ఇంట్లో చావు జరిగితే మొదటి కబురు అక్కడికే వెళ్ళాలి. తేనెపెట్టెల మీద తట్టి తేనెటీగలకి యజమాని పోయాడని చెప్పేదీ, శవం ముందు సిలువ పట్టుకుని నడిచేదీ ఆ తొలి పొరుగే. మంచం ఉన్న ఇళ్ళలో అన్నిటికన్నా దగ్గరదని గ్రషీ ఆ ఇల్లు చూసుకుంది. మిగతాది ఆమెకి తట్టనే లేదు. ఎంత దూరమన్న ఒక్క లెక్కలోనే మునిగిపోయి ఉంది.

సెప్టెంబరులో, ఎండ మెత్తబడ్డాక, ఒక పొద్దున బయల్దేరారు. గ్రషీ అతని సంచీకి యాత్రికుల గుర్తుగా ఆల్చిప్ప కట్టింది. సంచీలో జున్నుముక్క, మందులు తప్ప ఇంకేం లేవు. తుంటికి ఆపరేషన్ అయిన మనిషి గనక ఆమెకీ చేతికర్ర కావలసి వచ్చింది. గనిష్ గుమ్మం రాతిమీద కాసేపు నిలబడి, సిలువ గుర్తు వేసుకుని, కాలు కింద పెట్టాడు. వెనకనుంచి వచ్చే యాత్రికులు పలకరించి, దాటి, వెళ్ళిపోతున్నారు. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒకావిడ ఆగి, ఎంత దూరం నుంచి నడిచి వస్తున్నారని అడిగింది. అలసట చూసి, ఎక్కడో పారిస్ నుంచి వస్తున్నారనుకుంది పాపం. గనిష్ చేత్తో వెనక్కి, కనిపిస్తున్న తన ఇంటి కప్పుకేసి చూపించాడు. ఆవిడ నవ్వింది, జోకనుకుని.

పట్టుమని పావుగంట పట్టని దారికి మధ్యాహ్నం దాటింది. బత్తిత ఎదురొచ్చి, రెక్క పట్టుకోబోయి, గనిష్ చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మంచం వెయ్యడం, వెల్లుల్లి సూపు పొయ్యడం అన్నీ సత్రంలో లాగే చేశాడు. సత్రం ముద్ర లేదు గనక తన గొర్రెలకి వేసే రంగు ముద్రనే కాగితంమీద కొట్టి ఇచ్చాడు. గనిష్ ఆ కాగితం చూసి నవ్వాడు. వేసవి మొదలయ్యాక అతను నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు కూడా.

"ఒరే బత్తితా, నేను పోయాక కదరా మా ఇంటి నుంచి నీకు కబురు రావాల్సింది? కబురు తెచ్చేవాడు దొరక్క నేనే వచ్చేసినట్టుంది."

బత్తిత సూపు గిన్నె తీసుకుని లోపలికి పోయాడు. అప్పుడు తగిలింది గ్రషీకి, తను మజిలీ ఎక్కడ పెట్టిందో. యాత్ర మొదటి రాత్రికి చావుకబురు వెళ్ళే ఇల్లు ఎంచింది. ఇన్ని వేలమందికి దారి చెప్పిన మనిషి.

మర్నాడు పొద్దున గనిష్ లేచి బూట్లు తొడుక్కున్నాడు. బత్తిత ఇంటి గుమ్మం దాకా వెళ్ళాడు. ఎగువకి చూశాడు. ద్వారబంధం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గ్రషీ పక్కనే ఉంది. మెల్లగా అని చెప్పడానికి కూడా అక్కడేం మిగల్లేదు. కొంతసేపటికి అతనే బత్తిత వ్యాను వైపు తల ఊపాడు. దిగేటప్పుడు ఎదురొచ్చే యాత్రికులు పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆల్చిప్ప అతని ఒళ్ళోనే ఉంది.

అక్టోబరులో మంచం వంటింట్లోకి మారింది, కిటికీ పక్కకి. గ్రషీ నీ బదులు నేను నడుస్తానంది. ఒకరోజు అతనికి చెప్పకుండా బయల్దేరి, బత్తిత ఇల్లు దాటి కొంచెం పైదాకా వెళ్ళింది కూడా. తుంటి పట్టేసి రోడ్డు పక్కనే కూలబడితే, కొరియా పిల్లలిద్దరు చెరో రెక్క పట్టుకుని కిందికి దింపారు. గనిష్ కిటికీలోంచి అంతా చూశాడు. ఆమె లోపలికొచ్చాక వేడినీళ్ళ సీసా పెట్టుకోమన్నాడంతే. వాళ్ళకి పిల్లల్లేరు. నడిచేవాళ్ళు ఎవరూ లేరు. ఇది ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం గనిష్ చిక్కుడు గింజలు తెమ్మన్నాడు. గ్రషీ ఇక ఆ ఆట చాలని చెబుదామనుకుంది గానీ, మొహం చూసి తెచ్చి ఒళ్ళో పెట్టింది. అతను ఉప్పుజాడీ అడగలేదు. కత్తీ అడగలేదు. దుప్పటి మీదే ఒక గింజ పెట్టి, ఇది మన గుమ్మం అన్నాడు. రెండోది దానికి జానెడు దూరంలో పెట్టాడు. దాని పక్కనే మూడోది, ఆపైన నాలుగోది, అయిదోది. గ్రషీకి అలవాటుకొద్దీ నోరు ఊరుకోలేదు. ఇంత దగ్గర దగ్గరగా మజిలీలు ఎవరైనా పెట్టుకుంటారా, ఇది ఏ దారి అని అడిగింది.

"రెండోది అక్రోటు చెట్టు," అన్నాడు గనిష్. "తర్వాతది ఊట. ఆ తర్వాత రాతిసిలువ. ఆఖరిది చర్చి."

ఇంటి వెనకనుంచి చర్చికి దిగే పాత కాలిబాట. ఆ కొండమీద ప్రతి ఇంటికీ అలాంటి బాట ఒకటుంటుంది, ఆ ఇంటి శవాలు వెళ్ళడానికి. తారురోడ్డు ఎంత బాగున్నా చనిపోయినవాళ్ళు దానిమీద వెళ్ళకూడదు. మోసేవాళ్ళు పెట్టె దించి, ప్రార్థన చెప్పి, భుజం మార్చుకునే చోట్లు తాతల నాడే ఖాయమై ఉంటాయి. గనిష్ తండ్రి ఆ బాటలోనే వెళ్ళాడు. గ్రషీ కొత్తకోడలిగా ఆ పెట్టె వెనక నడిచింది. ఆ తర్వాత నల్ల కార్లు వచ్చాయి, బాట ముళ్ళపొదల పాలైంది. గ్రషీ మంచంమీద కూర్చుంది. ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి, ఏ అడ్డూ లేకుండా. గనిష్ ఆగాడు, ఆమె తేరుకునేదాకా.

"కారు వద్దు," అన్నాడు. "నా కాళ్ళు ఎలాగూ పనికిరాలేదు. ఎవరి కాళ్ళైనా సరే, గుమ్మం నుంచి నడకే. బత్తిత సిలువ పట్టుకుంటాడు." కాసేపు ఆయాసపడి మళ్ళీ అన్నాడు. "నీకు ఈ విషయాలు బాగా తెలుసు. ఇది లెక్కలోకి వస్తుందా, గ్రషీ?"

సాంతియాగో ఎగువన. చర్చి దిగువన. ఆమె జీవితమంతా ఆ బల్ల దగ్గర ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చిత్తడి దారిని పొడిదారి అనలేదు, మూసిన సత్రాన్ని తెరిచి ఉందనలేదు. వస్తుందని అనేస్తే ఏం పోయేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం అనలేకపోయింది.

"రాదు," అంది.

"నాకూ తెలుసు," అన్నాడు గనిష్.

గ్రషీ ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుని, వేలితో ఊట గింజని కొంచెం పక్కకి జరిపింది. ఊట దగ్గర నేల ఎప్పుడూ తడిగా ఉంటుందనీ, పెట్టె దించితే మోసేవాళ్ళ కాళ్ళు జారతాయనీ, కొంచెం ఇవతల బండమీద దించుకోమనీ చెప్పింది. గనిష్ ఆలోచించి, అదే మంచిదన్నాడు.

మర్నాడు గ్రషీ, బత్తిత కొడవళ్ళు పట్టుకుని బాటలో దిగారు. ముళ్ళపొదలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. ఆమె తుంటి సలుపుతున్నా వంగి కోస్తూనే ఉంది. మొక్కు తీరలేదు, ఇక తీరేది కాదు. బహుశా అతను పోయాక ఈ గుమ్మం దగ్గరే కూర్చుని ఎవరి కోసమో ఎదురుచూస్తాడు. ఆ ఎవరో రారు. ఆమె ఈ మాటలన్నీ తనకి తనే చెప్పుకుంటూ కొడవలి విసిరింది.

కొత్తబూట్ల కుర్రది ఒకతి రోడ్డుమీద నుంచి ఆ బాట చూసి, ఒర్రియాగాకి ఇది అడ్డదారా అని కేకేసి అడిగింది. గ్రషీ నడుం నిలబెట్టింది.

"కాదమ్మా. నీది పైకి. ఇది మా ఇంటిది."

ఆ పిల్ల థాంక్స్ చెప్పి గబగబా ఎక్కుతూ వెళ్ళిపోయింది. దాన్ని చూసి గ్రషీ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. అప్పుడే ఆమెకి కిటికీ కనిపించింది. గాజు వెనక గనిష్ దిండుకి ఆనుకుని, తెరుచుకుంటున్న బాటనే చూస్తున్నాడు. ఆమె కిటికీవైపు తిరిగి, అరచెయ్యి నేలకేసి తిప్పి, గాలిని రెండుసార్లు కిందికి అదిమింది.

గనిష్ తల ఊపాడు.