గడువు తీరిన పేటెంటు

తాపీ పనిచేసే బాబాయికి ఎడమకాలు మోకాలి పైనుంచి కృత్రిమమే. ఇసుక, సిమెంటు దుమ్ము కీలులో దూరితే కాలు వంగినచోటే బిగుసుకుపోయేది. "నాకంటే నా కాలికే పంతం ఎక్కువ" అని నవ్వేసేవాడు. నవ్వలేకపోయింది అతని అన్నకూతురు. దుమ్ములోనూ ఆగని కీలు చేయడమే ఆమె పరిశోధన.

రెండేళ్లలో నాలుగు వందల వ్యాసాలు చదివింది. కీలు ఎంత బరువు మోస్తుందో, ఎంత వంగుతుందో అన్నింటిలోనూ ఉంది. దుమ్ము ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. ఒక మధ్యాహ్నం తల పట్టుకుని కూర్చుంటే యూనివర్సిటీ లైబ్రేరియన్ పక్కన వచ్చి కూర్చుంది.

"పేటెంట్లు చూశావా అమ్మాయ్?"

"అవి కంపెనీల గొడవ కదండీ! థీసిస్‌కి పనికొస్తాయా?"

"వస్తువు చేసేవాళ్లంతా వ్యాసాలు రాయరమ్మా. పేటెంటు కావాలంటే మాత్రం ఎలా చేశారో బొమ్మ గీసి మరీ చెప్పాల్సిందే. అందులో చాలా సంగతులు ఇంకెక్కడా దొరకవు."

డేటాబేసులో 'కృత్రిమ మోకాలు' అని కొడితే వేలకు వేలు వచ్చిపడ్డాయి.

"మాటలతో వెతక్కు. ఒక్కొక్కరు ఒక్కో పేరు పెడతారు. ఒకే తరహా వస్తువులకి ఒకే వర్గసంఖ్య ఉంటుంది, దాంతో వెతుకు" అంది లైబ్రేరియన్.

ఇద్దరూ మూడు వారాలు జల్లెడ పట్టారు. చివరికి ముప్పై ఒక్కేళ్ల నాటిది ఒకటి తేలింది. అందులో మోకాలన్న మాటే లేదు. 'ధూళిలో పనిచేయు మడత కీలు' అని ఉంది. మూడో బొమ్మలో, వంగినప్పుడల్లా దుమ్మును బయటికి నెట్టే ఏటవాలు గాడి. దాని గడువు ఎప్పుడో తీరింది, ఎవరైనా వాడుకోవచ్చు. కనిపెట్టినాయన లేత్ మిషన్ పనివాడు.

ఆ గాడిని మోకాలి కొలతలకు మార్చి, ఇసుక నింపిన పెట్టెలో రెండు లక్షలసార్లు వంచి చూసింది. ఒక్కసారీ బిగుసుకోలేదు. బాబాయి దాన్ని తొడుక్కుని నెల్లాళ్లు గోడలు కట్టాడు.

అంతటితో ఊరుకోబుద్ధి కాలేదామెకు. పేటెంటులోని చిరునామాకు ఉత్తరం రాసింది. దాన్ని కనిపెట్టినాయన కోడలు ఫోన్ చేసింది.

"మామయ్యగారు మీ ఉత్తరాన్ని జేబులోంచి తీయట్లేదమ్మా. చొక్కా ఉతకడానికి కూడా ఇవ్వట్లేదు!"

థీసిస్ మీద ప్రశ్నలడిగే రోజున ఆయన వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు.

"ఈ గాడి ఆలోచన ఏ ప్రయోగశాలది?" అడిగాడు పరీక్షకుడు.

"ప్రయోగశాలది కాదండీ, ఆయనది. నా ఆధారాల్లో మొదటిది ఆయన పేటెంటే" అంటూ వెనక్కి చూపించింది.

గదిలో వాళ్లంతా తిరిగి చూశారు. ఆయన తడబడుతూ లేచి నిలబడ్డాడు.

"ఇసుక జల్లించే మిషన్ కోసం చేశానండీ. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు."

పరీక్షకుడు బల్ల మీదున్న కీలు నమూనాను స్వయంగా తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని రెండుసార్లు వంచి, గాడి వెంట గోరు పోనిచ్చి చూసుకున్నాడు.

"నాకంటే నున్నగా తీశావు తల్లీ!"

ఆ సాయంత్రమే ఆమెకు డాక్టరేట్ ఖాయమైంది. అభినందించడానికి వచ్చినవాళ్లందరికీ ఆమె ముందుగా ఆయన్నే పరిచయం చేసింది.