నాలుగో రేకు

“ఊపిరి బిగపట్టండి… ఇక వదలండి.”

పొద్దుట్నుంచి ఈ మాట అనడం పదకొండోసారి. ఎకో గదిలో గుండెలు పరీక్షించే ఈవిడకి ఆస్పత్రిలో ‘బిగపట్టమ్మ’ అని పేరు. కోపం వస్తే బిగపట్టకుండా వదిలేయమని ఇంట్లో భర్త కూడా వేళాకోళమాడతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే మసకగది, అదే స్టూలు. కుడిభుజం మాత్రం అరిగిపోయింది.

మంచం మీద ఎడమవైపు ఒత్తిగిలి పడుకున్న దర్జీకి యాభై దాటాయి. ఆమె అతని పక్కటెముకల మధ్య జెల్లు రాసి, బొమ్మలు తీసే ప్రోబు ఆనించింది.

“మెట్లెక్కితే ఆయాసమమ్మా,” అన్నాడు. “ఎనిమిదేళ్ళ కిందట మీరే చూశారు, గుండె భేషుగ్గా ఉందన్నారు. డాక్టరు దగ్గరికి పదమని మా ఆవిడ పోరినప్పుడల్లా మీ కాగితం చూపించి నోరు మూయించేవాణ్ణి.”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. తెర మీద గుండె కవాటం మూసుకుంది. దానికుండే మూడు రేకులు కలిసేచోట మూడు గీతలు కనబడాలి. ఇక్కడ కూడిక గుర్తులా నాలుగున్నాయి. పుట్టుకతోనే నాలుగు రేకులు. వేలమందిలో ఒకరికి ఉంటాయి. నడిమి సందులోంచి నెత్తురు వెనక్కి కారికారి గుండె సాగిపోయింది.

పాత బొమ్మలు తీసి చూసింది. అప్పుడూ నాలుగే. రిపోర్టులో ‘మూడు రేకులు, మామూలు’ అన్న వరుసను కంప్యూటరే నింపి ఇస్తుంది. తేడా ఉంటే చెరిపి రాయాలి. ఆమె చెరపలేదు. ‘చూసినవారు’ అన్నచోట ఆమె పేరే ఉంది. అప్పుడే పట్టుకుని ఉంటే, ఏటేటా చూసుకుంటూ వేళకి కవాటం మార్చేవారు. ఆ రోజు ఏమైందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ముందు ఉద్యోగం గురించి భయపడింది, ఆ తరవాత అలా భయపడ్డందుకు సిగ్గుపడింది.

అతన్ని అలాగే పడుకుని ఉండమని డాక్టరు దగ్గరికి పరుగెత్తి, పాత తప్పు సంగతి చెప్పింది.

“పాతది తవ్వకమ్మా. సర్జనుకి రాసిద్దాం, చాలు,” అన్నాడాయన.

“అతనికి నేను చెప్పాలి సార్.”

తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. లేచి కూర్చోబోయి కూలిపోయాడట. నర్సులు ఎమర్జెన్సీకి తీసుకుపోయారు. భోజనాల వేళకల్లా అతను పోయాడు.

వార్డు బయట బెంచీ మీద అతని భార్య కూర్చుని ఉంది. పరీక్ష చేసినావిడ వెళ్ళి పక్కన కూర్చుంది.

“తప్పు నాదమ్మా. ఆ కాగితం నేను సరిగ్గా రాయలేదు.”



“అయితే నాది ఉత్త నస కాదన్నమాట,” అంది భార్య.

సాయంత్రం గది తాళం వేయబోతూ తలుపు వెనక్కి చూసింది. కొక్కేనికి, పరీక్షకని విప్పిన అతని చొక్కా వేలాడుతోంది. కాలరు మడతలో దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది.